బిక్షపతి విన్న క్రిస్మస్ పాటలు

సూరత్‌లో ఉధనా దాటాక ఉన్న ఒక క్రైస్తవ మగపిల్లల బడిలో, పాట సంగతి బాగా తెలిసినవాడెవరని అడిగితే రెండేళ్ళుగా అందరూ ఒకటే పేరు చెబుతున్నారు. ఆయన సంగీతం మాస్టారు కాదు. గేటు దగ్గర కాపలా మనిషి. పేరు బిక్షపతి, వయసు అరవై రెండు. ఆయనకు రెండు చెవులూ వినిపించవు.

ఈ చివరి సంగతి ఆ బడిలో ఎవరికీ తెలియదు. డిండోలిలో మా వీధిలో మాత్రం పాలవాడితో సహా అందరికీ తెలుసు.

బిక్షపతిది సిరిసిల్ల దగ్గర ఒక పద్మశాలి ఇల్లు. పదహారో ఏట మేనమామ వెంట సూరత్ వచ్చి పాండేసరాలో మరమగ్గాల ముందు నిలబడ్డాడు. వాళ్ళ మాటలో అవి సాంచలు. ఒక్కో కార్ఖానాలో నూరేసి సాంచలు, పన్నెండేసి గంటల డ్యూటీ. ఆ మోత ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. గోడ ఇవతల రోడ్డు మీద నడిచేవాడికే పళ్ళు అదురుతాయి. అలాంటి చోట నలభై ఏళ్ళు పనిచేసినవాడికి చెవులు పోవడంలో వింత లేదు. ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియకపోవడం వింత.

"ఏమెరుక సారు? కార్ఖానల చెవులున్నోడు, లేనోడు ఒక్కటే గద!" అంటాడు.

అది నిజమే. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు కాబట్టి అక్కడ అందరూ పెదవులు చూసి మాట్లాడుకుంటారు. గొంతుతో పని లేదు. పది సాంచల అవతల ఉన్నవాడితో పెళ్ళి సంబంధం కూడా ఖాయం చేసుకోగలరు. తెలుగైనా, హిందీ అయినా పెదవుల మీద చదివేస్తారు. మిగతాది సైగ. శేఠ్ వస్తున్నాడంటే చెవి తమ్మె పట్టుకోవాలి. ఆ శేఠ్‌కి చాలా ఏళ్ళు ఈ సంగతి అర్థం కాక, తెలుగువాళ్ళకు చెవిపోటు ఎక్కువని అందరితో అనేవాడట.

ఇంట్లో బిక్షపతి భార్య లలితమ్మకు ఈ చెవులతో ఒకటే ఇబ్బంది. భర్తను కేకలేయాలంటే ఆయన తన వైపు చూస్తూ ఉండాలి. ఆయన ఎంత తెలివైనవాడంటే, ఆమె మొహంలో రంగు మారగానే కిటికీ వైపు తిరుగుతాడు. "మొగం ఇటు తిప్పు, తిట్టాలె" అని ఆమె గడ్డం పట్టుకుని తిప్పుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఆయన నిజంగా చెవిటివాడైంది కరోనా కాలంలో. ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుంది. కిరాణా కొట్టువాడు మాట్లాడినా, డాక్టరు మాట్లాడినా, కదిలే గుడ్డ తప్ప మరేమీ కనపడదు. రెండేళ్ళు ఇంట్లోంచి కదలలేదు. అప్పుడే కార్ఖానాలో పాత సాంచలు తుక్కుకు పోయి నీళ్ళతో నడిచే కొత్త యంత్రాలు వచ్చాయి, వాటితో పాటు కొత్త మనుషులూ వచ్చారు. మాస్కులు తీసిన ఏడాది బిక్షపతి ఈ బడిలో గేటు ఉద్యోగానికి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ ఫాదర్ ఎదురుగా కూర్చుని హిందీలో అడిగిన పది ప్రశ్నలకూ తడుముకోకుండా జవాబు చెప్పాడు. "ఇంత శ్రద్ధగా నా మాట వినే మనిషిని నేను చూడలేదు" అని ఫాదర్ అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు.

గేటు దగ్గర ఆయనకు మంచి పేరే వచ్చింది. బట్టల మార్కెట్ ఆసాములు పెద్ద కార్లలో వచ్చి హారన్ మీద చెయ్యి వేసి తియ్యరు. బిక్షపతి కదలడు. రిజిస్టర్లో సంతకం పెట్టిస్తే తప్ప గేటు తీయడు. డబ్బున్నవాళ్ళ హారన్లకు బెదరని మనిషి దొరికాడని టీచర్లు మురిసిపోయారు. ఆయనకు ఆ ఉద్యోగం అంటే ప్రాణం. నలభై ఏళ్ళు చీకటి షెడ్లలో నూలు దుమ్ము మింగినవాడికి ఎండా, నీడా, వేపచెట్టూ, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా దొరికాయి. చెవుల సంగతి తెలిసిన మరునాడు ఇవేవీ ఉండవని ఆయనకు తెలుసు. చెవిటివాణ్ణి గేటు దగ్గర ఎవరు ఉంచుతారు?

పాటల దగ్గరికి వస్తాను.

ఆ బడికి వరప్రసాద్ అని ఒక సంగీతం మాస్టారు ఉన్నాడు. బాపట్ల వైపు మనిషి, వయసు నలభై అయిదు. ముప్పై ఇద్దరు మగపిల్లల చేత పూర్వకాలపు క్రిస్మస్ పాటలు పాడించడం ఆయన ప్రత్యేకత. మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఎక్కడో చలిదేశాల్లో పాడుతూ వచ్చిన ఇంగ్లీషు పాటలవి. వాటి నిండా మంచు, గొర్రెల కాపరులు, పశువుల పాకలు. పాడేవాళ్ళలో క్రైస్తవ పిల్లలు నలుగురు. మిగతావాళ్ళు చీరల వ్యాపారుల కొడుకులు, ఒడియా, మరాఠీ, బీహారీ పిల్లలు. డిసెంబరులో సూరత్ ఎండకు ఫ్యాన్లు వేసుకుని, చెమట తుడుచుకుంటూ మంచు గురించి నాలుగు రకాల గొంతులు కలిపి శ్రావ్యంగా పాడేవారు. పిల్లల తెల్లంగీలు కూడా ఒక వ్యాపారి దానమే. ఎగుమతికి పోయి తిరిగొచ్చిన పాలిస్టర్ అది. దగ్గరికెళ్ళి చూస్తే మామిడిపిందెల అచ్చు కనిపిస్తుంది.

వరప్రసాద్‌కు ఒకటే బెంగ, తన పాట వినేవాడు లేడని. తల్లిదండ్రులు వస్తారు, సెల్‌ఫోన్లు ఎత్తి తమ పిల్లవాణ్ణి వీడియో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. ఇంట్లో భార్య ఉషాదేవికి ఈ పాటలన్నీ ఒకేలా ఉంటాయి.

అలాంటి మనిషికి ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ప్రాక్టీసు హాలు కిటికీ అవతల బిక్షపతి కనిపించాడు. ఒక అరచెయ్యి కిటికీ చెక్కకు ఆనించి, కదలకుండా, రెప్ప వేయకుండా పిల్లల మొహాలే చూస్తున్నాడు. కంట్లో నీళ్ళు. వరప్రసాద్ గుండె నిండిపోయింది.

ఆ వేళప్పుడు గేటు దగ్గర నీడ ఉండేది ఆ కిటికీ పక్కనే. అరచెయ్యి ఆనించడం సాంచల దగ్గర అబ్బిన అలవాటు. చెక్క మీద చెయ్యి పెడితే యంత్రం సరిగ్గా నడుస్తోందో లేదో తెలుస్తుంది, ఇక్కడ కాలితో తొక్కే పాత హార్మోనియం అదురు తెలిసింది. కంట్లో నీళ్ళు శుక్లాలవి. అయితే చూస్తున్న మాట నిజం. అన్ని నోళ్ళు, అంత బాగా తెరుచుకుని, అంత నెమ్మదిగా మాట్లాడటం ఆయన ఎన్నడూ చూడలేదు. భాష తెలియకపోవడం ఒక్కటే లోటు. మరునాడు కూడా వచ్చి నిలబడ్డాడు, ఆ మరునాడు కూడా.

నాలుగో రోజు వరప్రసాద్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఎలా ఉందండీ బిక్షపతి గారూ? మొహమాటం వద్దు. చెప్పండి."

"మంచిగనే ఉన్నది సారు. గని వెనక వరుసల ఆ పొడుగు పిలగాడు పాడుతలేడు. ఉత్తగ నోరు తిప్పుతుండు."

వరప్రసాద్ ఆ పిల్లవాణ్ణి విడిగా నిలబెట్టి పాడించాడు. నిజమే. వాడికి గొంతు మారి నెలరోజులైంది, ఊరికే పెదవులు ఆడిస్తున్నాడు. తనకే తెలియని సంగతి! మరో రోజు బిక్షపతి, "ఎర్ర వాచి పెట్టుకున్నోడు అందరికన్న జర ముంగట పోతుండు" అన్నాడు. అదీ నిజమే. వాడి నోరు మిగతా నోళ్ళకంటే ముందు తెరుచుకుంటోంది. నాలుగు వేల పడుగు పోగుల్లో తెగిన ఒక్క పోగును నడుస్తున్న సాంచ మీద పట్టుకునే కంటికి ముప్పై రెండు నోళ్ళు ఒక లెక్కలోవి కావు.

"అదేం చెవండీ బాబూ!" అని వరప్రసాద్ స్టాఫ్ రూములో అందరికీ చెప్పాడు. ప్రిన్సిపాల్ ఫాదర్‌కి చెప్పాడు. బడి పత్రికలో, మా పాటకు తొలి పరీక్ష మా గేటు దగ్గరే జరుగుతుందని రాశాడు. అందులో బిక్షపతి ఫోటో కూడా వేశారు. ఫోటో చూపించడానికి ఆయన మా ఇంటికి వచ్చాడు.

"ఏంది బిక్షపతీ ఇది?" అన్నాను.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా సారు? ఆయన అడిగిండు. కనవడ్డది నేను చెప్పిన. ఇన్నవా అని ఆయన అడుగలే."

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చిక్కు మొన్న డిసెంబరులో వచ్చింది.

బడి సెలవులకు ముందు సాయంత్రం జరిగే పాటల కార్యక్రమానికి ఒక పద్ధతి ఉంది. హాలులో దీపాలన్నీ ఆర్పుతారు. పిల్లలు వెనక తలుపులోంచి రెండు వరుసలుగా కొవ్వొత్తులతో వస్తారు. ఫైర్ వాళ్ళు ఒప్పుకోరు కనక బ్యాటరీ కొవ్వొత్తులు. ముందున్న పిల్లవాడు తన కొవ్వొత్తి వెలిగించి మొదటి చరణం ఒక్కడే పాడతాడు, వాద్యం కూడా ఉండదు. వాడి చరణం అయిన క్షణాన హాలు దీపాలన్నీ ఒక్కసారి వెలగాలి, వెలగగానే ముప్పై ఇద్దరూ రెండో చరణం ఎత్తుకోవాలి. అంతకు ముందేడు స్విచ్చుల దగ్గర ప్యూన్ సురేశ్ ఉన్నాడు. ఫోనులో క్రికెట్ చూస్తూ చరణం మధ్యలో దీపాలు వేశాడు. వరప్రసాద్ వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఈసారి స్విచ్చులు మీరేనండీ" అన్నాడు బిక్షపతితో. "నేను వెనక పిల్లల దగ్గర ఉండాలి. ఇంత పెద్ద బడిలో ఆ చరణం ఎక్కడ ముగిసిందో తెలిసే చెవి మీది ఒక్కటే."

స్విచ్చుల బోర్డు స్టేజీ పక్కన, తెర వెనక ఉంది. పిల్లలు ఉండేది హాలుకు అటు చివర. పైగా చీకటి. ఏ నోరూ కనపడదు.

ఆ సాయంత్రం బిక్షపతి మా ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు. వెనకే లలితమ్మ వచ్చింది. ఆమె తన మాట ఆయనకు కనపడేలా ఎదురుగా నిలబడి మొదలుపెట్టింది.

"జెప్పరాదు? నాకు ఇనవడదని జెప్తే అయిపోవు గద!"

"జెప్తే గేటు ఎవరు చూస్తరు? మల్ల ఇంట్లనే కూసోవాల్నా? నీ మొగం నేను, నా మొగం నువ్వు చూసుకుంట?"

"నా మొగానికేమైంది?"

"ఏం కాలే. అరిగిపోతదని అంటున్న."

లలితమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. కాసేపటికి కుడికాలు నేల మీద ఆడించడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్. ఒక వేగం, రవ్వంత హెచ్చుతగ్గు లేదు. పాత సాంచ వేగం అది. నలభై ఏళ్ళు కాలిలోకి ఎక్కింది, ఇక దిగదు.

"లెక్క పెడుత సారు" అన్నాడు. "పగటి పూట ప్రాక్టీసుల పిలగాడు నోరు తెరిచినకాంచి మూసెదాంక ఎన్ని దెబ్బలైతయో చూస్త. చీకట్ల గూడ అన్నే దెబ్బలు గద!"

సోలో పాడేవాడు అనీష్ అనే పదమూడేళ్ళ పిల్లవాడు. వారం రోజులు బిక్షపతి వాడి నోటి ముందు కాలు ఆడిస్తూ నిలబడ్డాడు. మొదటి రోజు తొంభై ఆరు దెబ్బలు. రెండో రోజు తొంభై ఆరు. ఆరు రోజులూ తొంభై ఆరే. పిల్లవాడు కూడా సాంచలాగే నడుస్తున్నాడని బిక్షపతి సంతోషించాడు. మొదలు ఎప్పుడో తెలియడానికి తెర సందులోంచి కనపడే కొవ్వొత్తి ఉండనే ఉంది. పాట వింటూ కాలితో తాళం వేస్తున్న బిక్షపతిని చూసి వరప్రసాద్ ఇంకా సంతోషించాడు.

కార్యక్రమానికి లలితమ్మనూ నన్నూ కూడా పిలిచారు. సాయంత్రం ఆరు గంటలు. హాలు నిండా తల్లిదండ్రులు, తల మీద ఎర్ర టోపీలతో చిన్న పిల్లలు, ఎక్కడినుంచో వేడి సమోసాల వాసన. దీపాలు ఆరాయి. వెనక తలుపు దగ్గర ఒక్క కొవ్వొత్తి వెలిగింది. అనీష్ ఎత్తుకున్నాడు.

ఎంత చక్కటి గొంతు! మొదటి వాక్యం సగం దాకా నీళ్ళలో వెన్నెలలా సాగింది. అక్కడ చీలిపోయింది. పై స్థాయికి వెళ్ళబోయి, కిందికి జారి, బొంగురుగా ఒక వింత శబ్దం వచ్చి ఆగిపోయింది. పదమూడేళ్ళ గొంతు అంతమంది ముందు, ఆ నిమిషంలోనే మారదలచుకుంది.

ఆ తరవాత ఏమీ లేదు. చీకటి, నిశ్శబ్దం.

నా పక్కన ఎవరో, "అరె, లైట్ చాలూ కరో" అని గుజరాతీలో గొణిగారు. ఎవరూ వేయలేదు. వెనకనుంచి వరప్రసాద్ గుసగుస వినపడింది, మళ్ళీ ఆగింది. ఎవరో దగ్గబోయి మానుకున్నారు. వీడియో తీయడానికి వెలుతురు లేదు కాబట్టి ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మూడు వందల మంది సూరత్ మనుషులు చీకట్లో ఏ పనీ లేకుండా, ఏ మాటా లేకుండా కూర్చున్నారు. హాలు చివర ఆ ఒక్క కొవ్వొత్తి మాత్రం కొద్దిగా వణుకుతోంది. అంత మౌనం ఈ ఊళ్ళో నేను ఎప్పుడూ వినలేదు.

తెర వెనక బిక్షపతికి ఇవేవీ తెలియవు. ఎనభై రెండు, ఎనభై మూడు, ఎనభై నాలుగు.

తొంభై ఆరు దగ్గర దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. దీపం వెలగగానే రెండో చరణం ఎత్తుకోవాలని వారం రోజులుగా నేర్చుకున్న పిల్లలు మరేమీ ఆలోచించలేదు. ముప్పై ఒక్క నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి. అంత నిశ్శబ్దం మీద, అంత చీకటి మీద ఆ పాట పడింది. మందిరం తలుపులు తెరుచుకున్నట్టయింది. నా ముందు వరుసలో చీరల వ్యాపారి ఒకాయన చేతిలోని ఫోనుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. అనీష్ ఏడుస్తూ నడుస్తున్నాడు, భక్తితో ఏడుస్తున్నాడనుకుని వాడి తల్లి కూడా ఏడ్చింది.

ఫాదర్ మైకు ముందుకు వచ్చి దాని ఎత్తు సరిచేసుకున్నాడు. తరవాత, "మొదట ఒక్క గొంతు, అది తెగిపోయింది. ఆపైన చీకటి. ఆపైన వెలుగు, అందరి గొంతూ. క్రిస్మస్ అంటే ఇదే కదా! ఇరవై ఏళ్ళుగా నేను ఉపన్యాసాల్లో చెప్పలేకపోయింది వరప్రసాద్ ఒక్క నిమిషంలో చూపించాడు" అన్నాడు. చప్పట్లు మోగాయి. వరప్రసాద్ వంగి నమస్కారం పెట్టాడు. ఇంకేం చేస్తాడు?

అందరూ వెళ్ళాక ఆయన పరుగున తెర వెనకకు వచ్చి బిక్షపతి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇంకెవడైనా అయితే గొంతు చీలగానే కంగారుపడి లైట్లు వేసేవాడు. పిల్లాడు నవ్వులపాలయ్యేవాడు. ఆ మౌనం ఎంతసేపు ఉండాలో అంతసేపు ఉంచారు. మీరు మామూలు మనిషి కాదండీ!"

గొంతు చీలిన సంగతి బిక్షపతికి అప్పుడు తెలిసింది.

దానికి బహుమానం మరునాడే అందింది. ఫాదర్ పిలిపించి, ఇంత మంచి చెవి ఉన్నవాణ్ణి ఎండలో నిలబెట్టడం తన తప్పేనన్నాడు. జనవరి నుంచి బిక్షపతి ఆఫీసులో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుంటాడు. తల్లిదండ్రులు చేసే ఫోన్లన్నీ ఎత్తి, ఎవరు ఏం చెప్పారో రాసి ఉంచడమే పని.

"ఫోన్ల మూతి కనవడదు గద సారు!" అన్నాడు మా ఇంటికి వచ్చి. ఆయన మొహం కరోనా రోజుల్లో ఎలా ఉండేదో అలా అయిపోయింది. "గేటు పాయె, నౌకరి పాయె. మెచ్చుకొని తీసేస్తున్నరు."

వద్దంటే కారణం చెప్పాలి. ఒప్పుకుంటే మొదటి ఫోనుకే బయటపడుతుంది. చెప్పేదేదో ముందు వరప్రసాద్‌కే చెప్పమన్నాను. ఒక్కణ్ణీ పోలేనన్నాడు. క్రిస్మస్ రోజు సాయంత్రం ఇద్దరం కమలాలు కొనుక్కుని పర్వత్ పాటియాలో వాళ్ళింటికి వెళ్ళాం.

ఉషాదేవి కేకు ముక్కలూ, కజ్జికాయలూ పళ్ళెంలో పెట్టి తెచ్చింది. "మీ గురించి రోజూ వింటూనే ఉన్నానండీ. నా కంటే మిమ్మల్నే ఎక్కువ పొగుడుతారు ఈయన" అంది.

బిక్షపతి పళ్ళెం ముట్టుకోలేదు. "సారు, నాకు చెవులు ఇనరావు" అన్నాడు.

వరప్రసాద్ నవ్వాడు. "అదేనండీ పెద్దవాళ్ళ లక్షణం. తెలిసినవాళ్ళు ఎవరూ తెలుసని చెప్పుకోరు."

"అది గాదు సారు. నిజంగనే ఇనరావు. సాంచల పోయినయి. మీ మూతి చూసి మాట్లాడుతున్న."

వరప్రసాద్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన లేచి బిక్షపతి కుర్చీ వెనకకు వెళ్ళాడు. "బిక్షపతి గారూ" అన్నాడు. బిక్షపతి గోడ మీది క్రిస్మస్ నక్షత్రం కేసి చూస్తున్నాడు. "బిక్షపతి గారూ!" అని గట్టిగా పిలిచాడు. పక్కింటి తలుపు తెరుచుకుంది. బిక్షపతి కదల్లేదు. అప్పుడు వరప్రసాద్ ఆ మొదటి చరణం మెల్లగా పాడాడు, మొత్తం. అనీష్ పాడవలసింది అది. ఎంతో బాగా పాడాడు. బిక్షపతి నక్షత్రం చూస్తూనే ఉన్నాడు.

ముందుకు వచ్చి కూర్చున్నాక వరప్రసాద్ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఆ చెయ్యి తీస్తే గానీ ఆయన ఏమంటాడో బిక్షపతికి తెలియదు.

ఉషాదేవికి ముందు నవ్వొచ్చింది. "మీ పాట విని కన్నీళ్ళు పెట్టుకున్నాడన్నారుగా?"

"మోతిబిందమ్మా" అన్నాడు బిక్షపతి, శుక్లాలున్న కన్ను చూపిస్తూ.

వరప్రసాద్ చెయ్యి తీశాడు. "అంటే, ఈ రెండేళ్ళలో మీరు ఒక్క పాట కూడా..."

"ఇనలే సారు. చూసిన. ఉత్తగ చూసిన అనుకోకుండ్రి. కార్ఖానల నలభై ఏండ్లల రెండు సాంచలు ఒక్కతీరుగ నడువంగ నేను చూడలే. ఈ పిలగాండ్లు ముప్పై రెండు నోళ్ళు ఒక్కసారి తెరుస్తరు, ఒక్కసారి మూస్తరు. అటసుంటిది మనుషులు జేస్తరని నాకెరుకలేకుండె. మీరే జేపిచ్చిండ్రు గద."

ఇంతవరకూ వరప్రసాద్‌కు దక్కిన మెచ్చుకోళ్ళలో ఇదే ఉత్తమమైనదని నా అభిప్రాయం. ఆయన అప్పుడు దాన్ని విన్నాడో లేదో చెప్పలేను. ఆయన మనసు అప్పటికే వేరేచోట ఉంది.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"బడిల ఎవ్వరికీ ఎరుకలే."

"తెలియకూడదండీ" అన్నాడు కంగారుగా. "పత్రికలో రాశాను. ఫాదర్‌కి చెప్పాను. నా పాటలు దిద్దింది చెవిటివాడని తెలిస్తే, నా పాటల్ని ఎప్పుడూ వెక్కిరించే ఆ లెక్కల మాస్టారు నన్ను బతకనిస్తాడా? మీరు ఎవరికీ చెప్పకండి. మిగతాది నేను చూసుకుంటాను."

బతిమాలడానికి వచ్చిన మనిషిని ఆయనే బతిమాలుతున్నాడు. బిక్షపతి నా వైపు చూశాడు, కజ్జికాయ తీసుకుని కొరికాడు.

సెలవుల్లోనే వరప్రసాద్ ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. బిక్షపతిని ఆఫీసులో పెడితే ప్రాక్టీసు హాలు కిటికీ దగ్గర ఉండేదెవరని అడిగాడు. అలాంటి చెవిని ఫోను గోలతో పాడుచేయడం పాపమన్నాడు. బిక్షపతికి కూడా కుర్చీ కంటే పాటే ఇష్టమన్నాడు. ఫాదర్ కదిలిపోయాడు. జనవరిలో బడి తెరిచిన మొదటి రోజు ప్రార్థనలో, పాట కోసం ఫ్యానునూ కుర్చీనీ వదులుకున్న మనిషి మన గేటు దగ్గర ఉన్నాడని పిల్లలందరికీ చెప్పాడు. బిక్షపతి దూరంగా ఉండటం వల్ల ఫాదర్ పెదవులు సరిగ్గా కనపడలేదు. అందరూ తన వైపు తిరిగి చప్పట్లు కొడుతుంటే, గేటు గడియ సరిగ్గా పడలేదేమోనని వెళ్ళి చూసి వచ్చాడు.

ఆఫీసు కుర్చీ సురేశ్‌కి ఇచ్చారు. అతని చెవులకు ఏ లోపమూ లేదు. ఫోను మాత్రం ఎప్పుడు చేసినా ఎవరూ ఎత్తరని తల్లిదండ్రులు అంటున్నారు.

గొంతు మారిన అనీష్‌ని వరప్రసాద్ వెనక వరుసలో బొంగురు గొంతుల మధ్య నిలబెట్టాడు. అక్కడ బాగానే పాడుతున్నాడని బిక్షపతి చెప్పాడు. వాడి మెడ నరాలు చూసి చెప్పాడట.

సూరత్‌లో ఇప్పుడు పోలీసులు హెల్మెట్ లేనివాణ్ణి వదలడం లేదు. వరప్రసాద్ కూడా మొహం అంతా మూసే నల్ల హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ మీద బడికి వస్తాడు. రోజూ గేటు ముందు స్కూటర్ ఆపుతాడు. స్టాండు వేస్తాడు. వెనక కార్లు ఎంత హారన్ కొట్టినా పట్టించుకోకుండా హెల్మెట్ తీసి, పక్కన పెట్టి, బిక్షపతికి ఎదురుగా నిలబడి, "నమస్కారమండీ. ఇవాళ నాలుగింటికి ప్రాక్టీసు. తప్పకుండా రండి" అని ఒక్కో మాటా నిదానంగా చెబుతాడు. బిక్షపతి వస్తానంటాడు. ఆ తరవాత మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని, ఇరవై గజాల దూరంలో ఉన్న స్కూటర్ల షెడ్డు దాకా వెళతాడు.

ఇన్నేళ్ళలో ఏ బడిలోనూ ఒక మాస్టారు వాచ్‌మన్‌కు ఇంత గౌరవం ఇవ్వడం చూడలేదని కార్లలోని తల్లిదండ్రులు చెప్పుకుంటున్నారు.